మిలిటరీ తాత చేతిరాత

ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేదాన్ని. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ దాకా పోయొచ్చిన ఒక తాత నాంపల్లి నుంచి నడిచి వచ్చేవాడు. యుద్ధం పుస్తకాలే తీసి, పేజీల అంచున పెన్సిల్‌తో ఏదో రాసి పోయేవాడు. ఒక్కటీ కొనడు. పుస్తకం మీది రాతలు తుడిచి అమ్మడం మా పద్ధతి. ఆయనవీ రబ్బరుతో తుడిచేసేదాన్ని.

నలభై దాటాక సాక్షరతా బడిలో చదువు నేర్చుకున్నాను. ఒకనాడు తుడవబోతూ, ఇద్దరు జనరల్స్ చేతులు కలిపిన ఫొటో కింద ఆయన రాసింది కూడబలుక్కుని చదివాను: "అబద్ధం. వీళ్లకు పడేది కాదు."

ఆ వచ్చే ఆదివారం ఆయన్ను అడిగాను.

"ఇద్దరూ ఒక్క దిక్కు కొట్లాడినోళ్లే గదా తాతా?"

"ఔ బిడ్డా. గా ఇటలీ పట్నంలకు ఎవడు ముందు పోవాల్నని పంతం. ఏరు పొంగుతున్నది, రెండు దినాలు ఆగుదామంటే ఇనలే. మావోళ్లు పదకొండు మంది కొట్టుకపోయిన్రు. గా ముచ్చట ఏ పుస్తకంల లేదు."

"ఇన్నేండ్లు నీ రాతలు నేనే తుడిచిన."

"ఎర్కే. అందుకే మల్ల మల్ల రాస్తున్న."

నా పెన్ను ఆయన చేతిలో పెట్టాను.

"గీసారి గా పదకొండు మంది పేర్లు గూడ రాయి. ఎవడు తుడుస్తడో జూస్త."