వద్దన్న ఫొటో

రోజూ పొద్దున తన ఆన్‌లైన్ పేజీలో ఒక పాట, ఒక ఫొటో, ఇంటర్నెట్‌లో దొరికిన పనికొచ్చే సంగతి ఒకటి పెట్టే మా పెదనాన్న ఇక లేరు. సూర్యాపేటలో, ఇంట్లోనే, టీ తాగి గ్లాసు కింద పెట్టి అలాగే గోడకు ఒరిగిపోయారు. "మీ పెదనాన్న పలుకుతలేడే" అని పెద్దమ్మ ఫోన్ చేసింది. కోదాడ నుంచి నేను చేరేసరికే అంతా అయిపోయింది. పేజీ ఎందుకు ఆగిందని అడుగుతున్న మీ అందరికీ ఇదే జవాబు. మధ్యలో ఓ పొద్దున బోలెడన్ని ఫొటోలు వచ్చి కాసేపటికే మాయమయ్యాయి కదా, ఆ సంగతి కూడా చెప్పాలి. అది చెబితేనే ఆయన ఎలాంటి మనిషో మీకు తెలుస్తుంది.

ఆయనది ధాన్యం కొట్టు. ఫోన్‌లో తిరిగే భూగోళం మీద ఎక్కడ వేలు పెడితే ఆ ఊరి రేడియో వినిపించే సైటు దొరికిన రోజున బేరాలన్నీ పక్కన పెట్టారు. బస్తాలు దించుతున్న హమాలీ ఒకాయన ఆగి, "ఇదే దేశం పాట సేటూ?" అన్నాడు.

"తెల్వది. ఏదో మంచు పడే దేశం. మంచిగుంది గద, ఇను."

మరునాడు పేజీలో అదే. దొరికింది దాచుకోవడం ఆయనకు చేతకాదు. "మంచి పాట ఒక్కన్నే ఇంటే పండుగనాడు ఒక్కన్నే తిన్నట్టుంటది" అనేవారు. అవన్నీ అందరికీ నచ్చాయని కాదు. ఆయన పెట్టిన పాటల్లో సగం నేను సగంలోనే ఆపేశాను.

ఫొటోల దగ్గర మాత్రం వేరే మనిషి. ఎవరిది తీసినా కెమెరా తిప్పి వాళ్లకు చూపించి, "పెట్టాల్నా, వద్దా?" అని అడగాల్సిందే. ఆయన కొడుక్కి, అంటే మా తమ్ముడికి, మిర్యాలగూడలో రైసుమిల్లు ఉంది. అక్కడి ఆడవాళ్లు పని చేస్తూ పాడిన పాటైనా సరే, వాళ్లకు వినిపించి, సరేనన్నాకే పేజీ ఎక్కేది. చిలుకూరులో ఒక ముసలాయన ఫొటో చూడకుండానే వెళ్లిపోయాడని, చూపించడానికి మళ్లీ స్కూటర్ మీద బయల్దేరారు. "నీకేం పనిలేదా పెదనాన్నా" అని కసిరాను.

"తీసింది నేనే గని, మొకం ఆయనది గదనే."

ఆ ముసలాయన వద్దన్నాడు. ఈయన నవ్వుకుంటూ తిరిగొచ్చారు. నాకైతే ఒళ్లు మండింది.

ఒకసారి మేమిద్దరం హైవే మీద ఓ దాబాలో ఆగాం. ఏ దాబానో అడగకండి. అక్కడ చపాతీలు చేసే ఆవిడ, పిండి చేతులతోనే, ఏదో మాటకు విరగబడి నవ్వింది. పెదనాన్న తీసిన వాటిల్లో అంత మంచి ఫొటో ఇంకొకటి లేదు. చూపించగానే ఆవిడ మొహం పాలిపోయింది.

"వద్దు సారు. మా ఆయన నా కోసం ఊరూరు దేవులాడుతుండు. నేనీడున్న అని తెలిస్తే సంపుతడు."

"అయితే గిప్పుడే తీసేస్తనమ్మా."

ఆవిడ ఆ బొమ్మను కాసేపు చూసింది. "తీసెయ్యకుండ్రి. నవ్వే ఫొటో నాకొక్కటి లేదు. మంచిరోజొస్తే నేనే అడుగుత, గప్పుడియ్యుండ్రి."

అలా అది ఆయన కెమెరా కార్డులో ఉండిపోయింది. ఆ మాట తెలిసింది మా ముగ్గురికే. ఇంట్లో ఇంకొకరికి చెప్పి పోవచ్చు కదా పెదనాన్నా అని ఇప్పటికీ కోపం వస్తుంది.

కర్మ రోజులు నడుస్తున్నాయి. పిల్లల బడి కోసం కోదాడ వచ్చిన నేను, పొద్దున్నే మళ్లీ సూర్యాపేట బస్సెక్కాను. సీట్లో కూర్చుని ఫోన్ తీస్తే, పేజీ నిండా ఫొటోలు. 'మా నాన్న ప్రేమగా చూసిన మనుషులు' అని రాసి, తమ్ముడు కార్డులో ఉన్నవన్నీ పెట్టేశాడు. వాటి మధ్యలో ఆవిడ నవ్వు. వెనకాల దాబా బోర్డు సగం. కింద ఎవరో అప్పుడే రాసేశారు: 'ఇది మన హైవే దాబా కదా, చపాతీలు సూపర్.'

తమ్ముడికి చేశాను. ఎత్తలేదు. ఎత్తడని తెలిసినా చేస్తూనే ఉన్నాను. కర్మ చేసేవాడు పీట మీద కూర్చున్నాక ఫోన్ ముట్టడు. పేజీ తెరవాలంటే వాడి ఫోనే కావాలి. చివరికి పెద్దమ్మకు చేశాను.

"వాడు పిండాలు పెడుతుండే. అయ్యగారు ఊకుంటడా?"

"పెద్దమ్మా, ఒక ఆడామె పానం మీదికొచ్చింది. వాణ్ని లేపకు. ఫోన్ మీద వేలు పెట్టియ్యి, చాలు."

ఆమె ఇంకేమీ అడగలేదు. నాకన్నీ వినిపిస్తున్నాయి: మంత్రం ఆగడం, అయ్యగారు "ఏందమ్మా ఇది" అనడం, తమ్ముడు "అమ్మా!" అనడం. వేలు పెట్టాడట, ఫోన్ తెరుచుకోలేదు. నువ్వుల నీళ్లతో తడిసిన వేలు. మళ్లీ పెట్టాడు. ఊహూ. బస్సులో నా పక్కనున్నావిడ నా చెయ్యి పట్టుకుంది. పెద్దమ్మ కొంగుతో వాడి వేలు తుడిచి, నోటితో ఊది, పెట్టించింది.

"తెర్సుకుంది. ఏది నొక్కాల్నో చెప్పు."

చెప్పాను. అన్ని ఫొటోలూ తీసేయించాను, ఎవరు సరేనన్నారో ఎవరు వద్దన్నారో నాకేం తెలుసు? కానీ అప్పటికే కొందరు షేర్ చేసుకున్నారు. అవి మా చేతిలో లేవు. తమ్ముణ్ని తిట్టాలనిపించింది. తండ్రి మీద ప్రేమతో చేసినవాణ్ని ఏమని తిడతాం?

నేను మధ్యలోనే బస్సు దిగి దాబాకు నడిచాను. ఆవిడ గుర్తుపట్టి, "సారేడి?" అంది. పోయారని చెప్పాను. చపాతీ కర్ర పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫొటో సంగతి ఆ తర్వాత చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఎంతమంది సూసిండ్రక్కా?"

"తెల్వది. మస్తుమంది. నాతోని కోదాడ రా, మా ఇంట్ల ఉందువు."

"ఇంకెన్ని ఊర్లు మారాలె?" అంది. చపాతీ కర్ర మళ్లీ అందుకుని, "నా పెండ్లప్పుడు గూడ ఎవ్వలు నన్నడగలే అక్కా. సారు ఒక్క ఫొటోకు అడిగిండు" అంది.

పెదనాన్న పోయిన రోజున కూడా నేనంత ఏడవలేదు. ఆ చూపించడాన్నీ అడగడాన్నీ చాదస్తమని నవ్వుకునేదాన్ని. అలాంటి మనిషి మా ఇంట పుట్టాడని ఆ దాబాలో నిలబడి గర్వపడ్డాను.

ఇప్పుడు మీరు చదువుతున్నది కూడా ఆవిడకు చదివి వినిపించాకే ఇస్తున్నాను. రెండు చోట్ల కొట్టేయించింది, మిగతాది పెట్టమంది. ఆ ఫొటో మీలో ఎవరి ఫోన్లోనైనా ఉంటే దయచేసి తీసేయండి. పెదనాన్న ఉంటే స్కూటర్ వేసుకుని మీ ఇంటింటికీ వచ్చి అడిగేవారు.

ఆ రోజు నేను బయల్దేరబోతుంటే ఆవిడ దాబా యజమానిని పిలిచింది. అప్పటిదాకా ఆమె పొయ్యి గోడవైపు ఉండేది, రోడ్డుకు వీపు పెట్టి పని చేసేది. దాన్ని తిప్పి పెడదామంది. ముగ్గురం పట్టి జరిపాం.

"ఎవలొస్తున్నరో నాకు కనవడాలె."

రోడ్డుకు ఎదురుగా నిలబడి చపాతీలు ఒత్తడం మొదలుపెట్టింది. హైవే మీద ఏ బండి నెమ్మదించినా ఆమె చేతిలో కర్ర ఆగుతోంది. బండి వెళ్లిపోయాక మళ్లీ కదులుతోంది.