కంపు ఎక్కడిదాకా వస్తోంది

మా అన్న ఏర్పేడు దగ్గర పందుల షెడ్డు పెట్టినప్పుడు, మా ఇంటా వంటా లేని పని ఇదేమిటని అందరికంటే ఎక్కువ ఎగిరింది నేనే. వరసగా రెండేళ్లు వేరుశనగ ఎండిపోయి, దిక్కుతోచక పెట్టాడు పాపం. తిరుపతి హోటళ్లలో మిగిలిన అన్నం, సాంబారు డ్రమ్ములకెత్తి తెచ్చి సీమపందులకు పోసేవాడు. పందులు బాగానే పెరిగాయి. వాటి పెంట, రొచ్చు షెడ్డు వెనక గుంతలో నిలిచిపోయి ఊళ్లో ఎవరికీ అన్నం సయించేది కాదు.

పెద్దమనుషులు ఒకరోజు వచ్చి తేల్చి చెప్పారు.

"గంగజాతరకు సుట్టాలొస్తారప్పా. ఈ కంపులో ఆకేసి కూర్చోబెట్టేదెట్లా? జాతర లోపల కంపన్నా పోవల్ల, షెడ్డన్నా ఎత్తేయల్ల."

వాళ్ల మాటలో తప్పేమీ లేదు. కానీ షెడ్డు ఎత్తేస్తే అన్నకు వేరే బతుకు లేదు.

అన్న గట్టిగా పూనుకున్నాడు. పెంటను ఊకతో కలిపి ఎరువుకు కుప్ప వేశాడు. రొచ్చంతా పైపుతో ఒక లోతైన సిమెంటు తొట్టిలోకి మళ్లించి పైన మూత బిగించాడు. లోపల అది మురిగితే వచ్చే గ్యాసు వదిన పొయ్యికి, మిగిలిన నీళ్లు చేనుకు. ఆ నీళ్లు పెద్దగా కంపు కొట్టవు. ఇదీ పద్ధతి. పనిచేసింది కూడా.

ఎంత పనిచేసిందో మాత్రం అన్నకు తెలిసేది కాదు. రాత్రింబగళ్లు అక్కడే ఉండి అతని ముక్కు మొద్దుబారిపోయింది. వదినదీ అంతే. అందుకని ప్రతి ఆదివారం నేను తిరుపతి నుంచి వచ్చి, బస్సు దిగి నడుస్తూ, కంపు మొదలైన చోట మట్టిలో చెప్పుతో గీత గీసేవాణ్ణి. మొదట్లో గీత బస్సు దిగిన చోటే. కొన్ని వారాలకు కల్వర్టు దగ్గర. ఆ తరువాత మా చేని గట్టు మీద. గీత చూసుకుని అన్న చిన్నపిల్లాడిలా మురిసిపోయేవాడు.

"నీ ముక్కేరా మాకు మిషను!"

నాకూ గర్వంగానే ఉండేది. థూ, నా గర్వం తగలెయ్య!

జాతర ఇంకో వారం ఉందనగా పైపు పూడుకుపోయింది. హోటలు అన్నంతో పాటు వచ్చిన ప్లాస్టిక్ కవర్లు తొట్టి లోపల పైపు మూతికి చుట్టుకున్నాయి. రొచ్చు వెనక్కి తన్ని షెడ్డంతా నిలిచింది. ఆ ఆదివారం గీత మళ్లీ కల్వర్టు దగ్గరికి వచ్చింది. ఆ మాట చెప్పాక అన్న మొహం చూడలేకపోయాను.

ఇద్దరం కలిసి మూత ఎత్తాం. అన్న వెదురుబొంగుతో లోపల బాగా కలియబెట్టాడు. కవర్లు రాలేదు. దిగి చేత్తో లాగాల్సిందే.

"లోపల గాలి చెడ్డదంటారురా. నాకేమీ తెలీలే. నువ్వు సూడు," అన్నాడు.

వంగి తల లోపల పెట్టాను. కుళ్లిన గుడ్ల కంపు గుప్పున కొట్టింది. కళ్లు మండాయి. అట్లాగే ఉన్నాను. కాసేపటికి ఏ వాసనా లేదు.

"పోయిందన్నా. ఏమీ లేదు. దిగు," అన్నాను.

నిచ్చెన మీద నాలుగు మెట్లు దిగాడు. కేకైనా వేయకుండా కిందికి జారిపోయాడు. నేను దూకబోతుంటే పక్క చేని రైతు పరిగెత్తుకొచ్చి నడుము పట్టి వెనక్కి లాగాడు. అతన్ని ఎన్ని బూతులు తిట్టానో నాకే తెలియదు. తాడు, కొక్కెం తెచ్చి అన్నను పైకి తీసేసరికి అంతా అయిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. ఆ గ్యాసు ఎక్కువైతే ముందు ముక్కునే చంపుతుందట. ఉన్న వాసన ఉన్నట్టుండి తెలియకుండా పోయిందంటే పారిపోవాలట. ఆ మాట విన్నది నేనొక్కణ్ణే. వదిన అప్పుడు బయట గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

షెడ్డు ఎత్తేయమని ఊళ్లో మళ్లీ ఎవరూ అడగలేదు. పైగా పదిరోజులూ మాకు వాళ్లే అన్నం వండి తెచ్చారు. ఇప్పుడు వదినే పందులు మేపుతోంది. పోయిన నెల వెళితే కాఫీ గ్లాసు చేతికిచ్చి నా పక్కనే కూర్చుంది.

"మీయన్న ఒకరి మాట వినే మనిషి గాదు గదబ్బా. దిగొద్దని నువ్వెంత మొత్తుకునింటావో."

"అవును వదినా," అన్నాను.