పిసినారి అక్క ఇచ్చిన స్టాక్

ఆఫీసులో అందరూ ఆమెను పిసినారి అక్క అనేవారు. షాంపూ సీసాలో నీళ్లు పోసి ఇంకో నాలుగు రోజులు లాగించే మనిషి, కంప్యూటర్ మెమరీని మాత్రం ధారాళంగా పంచుతుందా? మందును కొలిచి ఒంట్లోకి ఎక్కించే బుల్లి పంపుకు ప్రోగ్రామ్ రాసింది ఆమే. ఒక పని మధ్యలో ఇంకో పనికి వెళ్లాల్సి వస్తే, మొదటిది ఎక్కడ ఆగిందో ప్రోగ్రామ్ రాసుకునే జాగాను స్టాక్ అంటారు. దానికి ఒక్క కిలోబైటు ఇచ్చింది. గుడ్డిగా ఏమీ ఇవ్వలేదు. జాగా అంతా ముందే ఒక గుర్తుతో నింపి, పంపును వారం రోజులు నడిపి, ఎన్ని గుర్తులు చెరిగాయో చూసింది. పావు వంతు చెక్కుచెదరలేదు. "ఇంకా ఇస్తే దండగ" అంది.

ఆ ఉదయం ఆస్పత్రిలో మొదటిసారి ఆ పంపును ఒక పెద్దాయన చేతికి తగిలించారు. ఆయన భార్య మంచం పక్కనే కూర్చుంది. అక్క గోడకు ఆనుకుని తెర మీది అంకెనే చూస్తోంది. గంటకు ఐదు మిల్లీలీటర్లు. అంతలో పక్క మంచం దగ్గర ఏదో యంత్రం కీచుమని అరిచింది. నర్సు వెళ్లి ఆపి వచ్చింది.

అక్కకు అప్పుడు తట్టింది. తన పంపు అరుపు ఆఫీసులో ఎవరూ వినక నెల దాటింది. తలనొప్పి భరించలేక అలారాన్ని పరీక్షల్లోంచి తీసేయించింది తనే. అంటే వారమంతా కొలిచింది నోరులేని పంపును. అలారం మోగితే నాలుగు పనులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి, మిగిలిన పావు వంతు ఏ మూలకు? పెద్ద కంప్యూటర్లో అయితే ఆపరేటింగ్ సిస్టమ్ హద్దులో కాపలా ఉండి, దాటిన ప్రోగ్రామ్‌ను అక్కడికక్కడే ఆపేస్తుంది. ఈ పంపులో ఆ కాపలా లేదు. స్టాక్ పొర్లితే పక్క జాగా మీద రాసేస్తుంది. ఆ పక్క జాగాలో ఉన్నది మందు మోతాదు.

"సిస్టర్, పంపు తీసేయండి."

"ఇప్పుడేగా పెట్టాం. బాగానే నడుస్తోంది కదా?"

"మందు అయిపోవస్తే అరుస్తుంది. అరిస్తే లెక్క తప్పుతుంది. ముందు తీసేయండి, తర్వాత నన్ను తిట్టుకోండి."

నర్సు ఆమె ముఖం చూసింది. మందు రాకుండా గొట్టానికి క్లిప్పు బిగించి, పెద్దాయన చేతి నుంచి విడదీసింది. అక్క గొట్టం కొసను బకెట్లో వేసి, పంపులో దాదాపు ఖాళీ అయిన మందు సిరంజి పెట్టింది. భయంగా ఉంది. తన అనుమానం తప్పయితే బాగుండునని కూడా ఉంది. రెండు నిమిషాలకు పంపు అరిచింది. తెర మీద ఐదు కాస్తా నాలుగు వందల ఐదయింది. సిరంజిలో మిగిలిందంతా బకెట్లోకి చిమ్మింది.

పెద్దావిడ అంతా చూస్తూనే ఉంది. "ఇది ఎవరు చేశారమ్మా?" అని అడిగింది.

చెప్పుకుంటే సాకులు చాలానే ఉన్నాయి. అక్క వాటిని మింగేసింది.

"నేనేనండి."

పెద్దావిడ లేచి, పంపు స్టాండును భర్త మంచానికి అందనంత దూరం తోసేసి, వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.