గోడకు జ్వరం వచ్చిన శనివారం

అసలు థర్మోస్టాట్ అబద్ధాలాడుతుంటే నేను అరవకూడదా? ఇల్లు ఫ్రిజ్‌లా ఉంది, హాల్లో గోడమీదున్న ఆ డబ్బా మాత్రం ఎనభై డిగ్రీల ఫారెన్‌హీట్ అంటోంది! అక్క ఇప్పటికీ అందరి ముందూ ఈ కథ ఎత్తుతుంది కాబట్టి, నా వాదన కూడా వినండి. ఆ రోజుల్లో నాకు రెండిటిమీద అపారమైన నమ్మకం: నా కోపం, నా ఫోన్. అమెరికాలో నోవై అనే ఊళ్లో కొత్త ఉద్యోగం, ఒక పాత అద్దె ఇల్లు, నాతోపాటు ఒక వరంగల్ రూమ్మేట్ (ఏదైనా నిదానంగానే చెబుతుంది కాబట్టి తనకి స్లోమోషన్ అని పేరు పెట్టాను). బేస్‌మెంట్‌లో బాయిలర్ కాచిన నీళ్లు గదిగదిలో ఉన్న ఇనప రేడియేటర్లలో తిరిగితేనే ఇల్లు వెచ్చబడుతుంది; బాయిలర్ ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది ఆ థర్మోస్టాటే. శనివారం అక్క మూడు నెలల పాపతో మొదటిసారి మా ఇంటికి వస్తోంది. "చలిగా ఉంటే చెప్పవే, హోటల్ తీసుకుంటాం. నీకు ఇల్లు నడపడం ఎక్కడొచ్చు?" అంది. "చెమటలు పడతాయి, పాపకి గౌను చాలు" అనేశాను. గురువారం సాయంత్రం అక్క కోసం ఇడ్లీపిండి రుబ్బి, ఆ చలికి పులవదని హాల్లో అలమరమీద పెట్టి, పక్కనే టేబుల్ లాంప్ వెలిగించాను.

శుక్రవారం పొద్దున లేచేసరికి రేడియేటర్లన్నీ చల్లగా ఉన్నాయి.

"ఓనర్ అంకుల్‌ని పిలుద్దామే" అంది స్లోమోషన్. "ఒక్క వీడియో చాలు" అన్నాను. వీడియోలో ఒకాయన రేడియేటర్ పక్కనున్న బుల్లి మరని తాళంచెవితో తిప్పి గాలి తీశాడు, అంతా అర నిమిషం పని. నేనూ తిప్పాను. గాలి రాలేదు. నల్లటి నీళ్లు తుస్సుమని తెల్లగోడమీదా, నా ఫోన్‌మీదా, నా మొహంమీదా! "ఏంది గిట్ల చేసినవ్? ఇప్పుడన్న పిలుస్తవా?" అంది స్లోమోషన్, నిదానంగానే. పిలవలేదు. పక్క వీధిలో ఉండే ఇంటి ఓనర్ డాక్టర్ అంకుల్‌కి అన్నీ పెద్దక్షరాల్లో మెసేజ్ కొట్టాను: మీ థర్మోస్టాట్ మోసం, మీ ఇల్లు మోసం, మేం ఖాళీ చేస్తున్నాం. (ఎక్కడికి వెళ్తామో నాకూ తెలీదు.)

శుక్రవారం ఊళ్లో లేని అంకుల్ శనివారం పొద్దున్నే మంకీకాప్‌తో దిగారు. రేడియేటర్‌మీద చెయ్యేసి నాడి చూసినట్టు చూశారు. బాయిలర్ చూసొచ్చారు. చివరికి హాల్లో థర్మోస్టాట్ ముందు నిలబడి, దాని కిందున్న అలమర వైపు, నా లాంప్ వైపు, పొంగి మూత తోసేసిన పిండి వైపు చూశారు.

"ఏమ్మాయ్, ఈ దీపం ఎన్నాళ్లనుంచి?"

"గురువారం నుంచి అంకుల్. ఇడ్లీకి..."

"గోడకి జ్వరం తెప్పించావు తల్లీ. ఇల్లంతా కాలిపోతోందనుకుని బాయిలర్ నిద్రపోయింది."

లాంప్ ఆర్పి ఆయన సోఫాలో కూర్చున్నారు. నేను గోడమీద నల్లమరకకి అడ్డంగా నిలబడ్డాను. కాసేపటికి రేడియేటర్లు టిక్కుటిక్కుమన్నాయి. అక్క వచ్చేసరికి ఇల్లు గోరువెచ్చగా ఉంది. రాగానే అక్క పాప టోపీ తీసేసింది. ఆ క్షణంలో నాకు ప్రమోషన్ వచ్చినట్టయింది. అప్పటిదాకా నా మెసేజ్ ఊసెత్తని అంకుల్ ఆరు ఇడ్లీలు తిని, "అద్దె ఇల్లు వదిలేస్తానన్నావు కానీ, పిండి మాత్రం ఇక్కడే రుబ్బు" అంటే స్లోమోషన్ మొదటిసారి గబగబా నవ్వింది.

ఇప్పుడు మెసేజ్ కొట్టే ముందు పది లెక్కపెడుతున్నాను (నాలుగు దాకా వస్తోంది). కానీ ఒకటి చెప్పండి: అక్కకోసం పిండి పులియబెట్టేటప్పుడు, పైన గోడమీద ఏముందో మీరైతే తలెత్తి చూసేవారా?