నవ్వమని చెప్పని ఫొటో

ఫిబ్రవరి పదకొండు, ఆదివారం, ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు కద్మాలోని తన ఇంట్లో అక్క, పెళ్లిసంబంధం వాళ్లకు పంపడానికి తన కూతురి ఫొటో తీసే బాధ్యత నాకు అప్పగించింది. ఇరవై రెండేళ్లుగా దేశదేశాల అంతర్యుద్ధాలను ఫొటోలు తీస్తున్నవాడికి ఇదెంత పని అని ఆమె నమ్మకం.

మేనకోడలు ఆదిత్యపూర్‌లోని ఒక కర్మాగారంలో కొత్తగా ఇంజనీరుగా చేరింది. పెళ్లయ్యాక ఆ ఉద్యోగం మానాలన్నది విశాఖ వరుడి తరఫువాళ్ల షరతు. అక్క వంటింట్లోకి వెళ్లగానే ఆ పిల్ల, "మామా, ముఝే నౌక్రీ నహీ ఛోడ్‌నీ," అంది. ఉద్యోగం వదలనన్న ఆ ఒక్క మాట చెప్పి, నవ్వన్నది లేని ముఖంతో కెమెరాకేసి చూసింది.

అక్క గుమ్మంలోంచి తొంగిచూసింది. "పిల్ల అలా చూత్తంటే నవ్వమని చెప్పవేటిరా?"

"ఎలా ఉండాలో మేం ఎవరికీ చెప్పకూడదప్పా. మా పనిలో అదే నియమం," అన్నాను అక్కతో.

అబద్ధం కాదు. శరణార్థుల శిబిరాల్లోనూ ఆ నియమం తప్పలేదు. ఏ పక్షమూ వహించకూడదన్నది రెండో నియమం; దాన్ని మాత్రం ఆ ఉదయం ఒక్క మీట నొక్కి తప్పాను.

ఫొటో చూసి అక్క నెత్తి కొట్టుకుంది. "ఏటిరా ఇది? కొంప కాలిపోయిన పిల్లలాగుంది! నీకు బహుమతులెవులిచ్చేర్రా?"

బావ అప్పటికే, బావమరిది తీసిన ఫొటో అని గర్వంగా రాసి, దాన్ని విశాఖకు పంపేశారు. అమ్మాయికి ఒంట్లో బాగుంటుందా అని అడిగిన వాళ్లు మళ్లీ మాట్లాడలేదు.

పోయినవి: ఒక సంబంధం, అక్క దృష్టిలో నా పనితనం. మిగిలినవి: ఒక ఉద్యోగం, ఒక ఫొటో.