ఏడు లెక్కపెట్టి, పైపు మీద ఒక దెబ్బ

పోయిన వారం సికింద్రాబాదులో నేను రోజూ వెళ్ళే గ్రంథాలయంలో దినపత్రిక తిరగేస్తుంటే, లోపలి పేజీలో టెండర్లకూ తప్పిపోయినవాళ్ళ ఫోటోలకూ మధ్య ఒక చిన్న ప్రకటన కనిపించింది. కోస్తాలో ఎక్కడో ఒక ట్రాన్స్‌మీటరు నుంచి వచ్చే ప్రభుత్వ టీవీ ప్రసారాలు ఇకమీదట వేరే ఫ్రీక్వెన్సీలో వస్తాయట, యాంటెనాతో చూసేవాళ్ళు తమ పెట్టెల్లో ఛానళ్ళను మళ్ళీ వెతికించుకోవాలట. పక్కనున్న పెద్దమనిషి తొంగి చూసి, "యాంటెనాతో ఇంకా ఎవరు చూస్తున్నరండీ ఈ రోజుల్ల?" అన్నాడు. నేను పత్రిక మడిచాను. వీపు మీద మిట్టమధ్యాహ్నపు ఎండ చుర్రుమన్నట్టయింది. నేను కూర్చున్నదేమో ఫ్యాను కింద, కిటికీకి దూరంగా.

నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. స్కూటరు స్పేర్ పార్టులు అమ్మే దుకాణంలో ముప్పై ఏళ్ళు కౌంటరు దగ్గర నిలబడ్డాను. మిగతా చదువంతా ఈ గ్రంథాలయం బెంచీల మీదే. ఏ బీరువాలో ఏ వరసలో ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగలను. తరంగాల గురించి అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటుంది, దాన్ని నాలుగుసార్లు చదివాను. వెలుతురూ, రేడియో, టీవీ బొమ్మా అన్నీ ఒకే జాతివనీ, తేడా అంతా అల పొడుగులోనే ఉందనీ తెలిసిన రోజున నేరేడ్‌మెట్ దాకా బస్సులో నిలబడి వెళ్ళాను కానీ కాళ్ళు నొప్పి పుట్టినట్టే తెలియలేదు. ఇంత చదువునూ చూపించుకోవడానికి నాకు దొరికిన ఇల్లు ఒక్కటే, ఇక్కడే కార్ఖానా అనే పేటలో ఉన్న మా అక్క ఇల్లు. బావ వాళ్ళు తరాలుగా ఇక్కడివాళ్ళు, మేము కోస్తా నుంచి వచ్చినవాళ్ళం. పెళ్ళయి నలభై ఏళ్ళయినా అక్క యాస మారలేదు, బావ వెక్కిరింత ఆగలేదు. నన్ను మాత్రం ఇద్దరూ కలిసి వెక్కిరించేవారు. బావకు నేను 'లైబ్రరీ సాబ్'ని.

ఆ ఇంట్లో యాంటెనా తిప్పడం అక్క పని. బావకు ఎత్తుకు వెళితే కళ్ళు తిరుగుతాయి. అక్క కొంగు నడుముకు దోపుకుని, పానా పట్టుకుని డాబా ఎక్కేది. బావ హాల్లో టీవీ ముందు నిలబడి, కిటికీలోంచి "ఏమే, జెర ఎడమకు" అని అరిచేవాడు. అక్క తిరిగి అరిచేది కాదు. "వీధి వీధంతా వినేలా మొగుడితో కేకలేంట్రా, సిగ్గులేకుండా" అనేది. యాంటెనా నిలబెట్టిన ఇనప పైపు నేల నుంచి లేచి, హాలు కిటికీని ఒరుసుకుంటూ డాబా పైకి పోయేది. అక్క దాని మీద పానాతో ఒక్క దెబ్బ కొట్టేది. తిప్పాను, ఇక చూడండి అని దాని అర్థం. ఆ చప్పుడు పైపు వెంట దిగి, హాల్లో బావ చెవి పక్కనే మోగేది.

పాత పద్ధతిలో బొమ్మ మెల్లగా పాడయ్యేది. ముందు చుక్కలు పడేవి, ఆపైన ముసురు పట్టేది, ఆ ముసురులో కూడా మనుషుల నీడలు కదిలేవి. డిజిటల్ ప్రసారం వచ్చాక అలా కాదు. ఉంటే అద్దంలా ఉంటుంది, లేకపోతే ఏమీ ఉండదు, ఉత్త నీలం తెర. పైగా యాంటెనా తిప్పిన వెంటనే బొమ్మ రాదు. పెట్టె అంకెలన్నీ పోగుచేసుకుని బొమ్మ కట్టడానికి కొంత సమయం పడుతుందని అక్కకు విడమరిచి చెప్పాను. "అన్నం ఉడికినట్టన్నమాట. ఏరా, ఎంతసేపు ఉడకాలో నీ పుస్తకంలో రాశారా?" అంది. రాయలేదన్నాను. నాలుగు రోజులు తనే ఎక్కి దిగి, ఏడు లెక్కపెట్టి కొడితే సరిపోతుందని తేల్చింది. అప్పటి నుంచి తిప్పడం, ఏడు లెక్కపెట్టడం, ఒక దెబ్బ. బావ ఆ దెబ్బ వినిపిస్తేనే తెర వైపు తల తిప్పేవాడు. ఈ అవస్థంతా ఒంటిగంట వార్తల కోసం. కంచం ముందు పెట్టుకుని వార్తలు చూడటం ఆయనకు అలవాటు. "ఆ వార్తలు చదివే అమ్మాయి కనబడకపోతే మీ బావకు ముద్ద దిగదురా, నేను వండింది గొంతులోనే నిలబడిపోద్ది" అని అక్క నవ్వేది.

అక్క ఒక ఎండాకాలంలో మూడు రోజుల జ్వరంతో పోయింది. అంతకు వారం ముందే గాలివానకు యాంటెనా పక్కకు తిరిగితే సరిచేసి, మళ్ళీ కదలకుండా పాత చీర అంచు చింపి పైపుకు కట్టింది. ఆ తరువాత బావ దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. ఏడాది తిరగకుండానే మా నగరపు ట్రాన్స్‌మీటరు ఫ్రీక్వెన్సీ మార్చారు. నేను వెళ్ళి పెట్టెలో కొత్త ఫ్రీక్వెన్సీ అంకెను చేత్తో నమోదు చేశాను. అయినా బొమ్మ రాలేదు. అల పొడుగు మారిందనీ, మధ్యలో కొత్తగా లేచిన అపార్టుమెంటు గోడలకు తగిలి ఆ అల వేరే దారిన వస్తోందనీ, యాంటెనాను కాస్త తిప్పితే చాలనీ బావకు చెప్పాను.

"దాని మీద చెయ్యి వెయ్యకు" అన్నాడు బావ. "ఆమె వెట్టి పోయిన తాన ఉన్నది. ఉండనియ్యి."

రెండు నెలలు గడిచాక, బన్సీలాల్‌పేటలో ఉండే మేనకోడలు ఫోన్ చేసింది. రోజూ పొద్దున తండ్రికి క్యారేజీ తెచ్చి ఇచ్చేది ఆమే. "మామయ్యా, నాన్న తింటలేడు. పెట్టింది పెట్టినట్టే ఉంటున్నది. కేబుల్ పెట్టిస్తా అంటే, అది మీ అమ్మ పెట్టిందా అంటడు. నువ్వు జెర వచ్చి చూడు." వెళ్ళి చూశాను. ఒంటిగంటకు బావ కంచం ముందు పెట్టుకుని నీలం తెరకు ఎదురుగా కూర్చున్నాడు. ఆ నీలం ఆయన ముఖం మీద, తెల్లటి అన్నం మీద పడుతోంది. తెర మీద ఎవరో ఏదో చెబుతున్నట్టు నడుమ నడుమ తల ఆడిస్తున్నాడు. అరగంట తరువాత లేచి, కంచం వంటింట్లో పెట్టి, చేయి కడుక్కున్నాడు. ఆ చేతికి ఒక్క మెతుకు కూడా అంటలేదు. బెల్టుకు మేకుతో కొత్తగా మూడు రంధ్రాలు పొడుచుకున్నాడు. ఈ మనిషిని ఇలా వదిలేస్తే మరో మూడు రంధ్రాలకు అక్క దగ్గరికే పోతాడనిపించింది.

మర్నాడు ఒంటిగంట కావస్తుంటే మళ్ళీ వెళ్ళి, ట్యాంకు చూసొస్తానని చెప్పి, పానా, దిక్సూచి జేబులో దాచుకుని డాబా ఎక్కాను. ఎండ నిలువునా కొడుతోంది. నీడ నా కాళ్ళ కిందికి దూరిపోయింది. వీధిలో మనిషి లేడు, కాకి లేదు, ఎదుటి అపార్టుమెంటులో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. చీర అంచు విప్పి చొక్కా జేబులో పెట్టుకున్నాను. తుప్పు పట్టిన నట్టు కిర్రుమంటూ వదులైంది. దిక్సూచి చూసుకుని, పుస్తకంలో చదివినంత జాగ్రత్తగా పైపును అంగుళం తిప్పాను.

"ఏమే, లేదు" అని కింద నుంచి బావ గొంతు. "జెర ఎడమకు."

అందులో కోపం లేదు. ఆ గొంతు నలభై ఏళ్ళుగా ఆ కిటికీలోంచి ఎలా వచ్చేదో అలాగే వచ్చింది. నేనని చెబుదామని నోరు తెరిచాను కానీ, మాట బయటికి వస్తే కింద ఏమవుతుందోనని భయం వేసింది. ఎడమకు తిప్పాను. నా జాగ్రత్త కొద్దీ పది లెక్కపెట్టి, పైపు మీద పానాతో ఒక దెబ్బ కొట్టాను. "లేదే. ఇంక జెర." మళ్ళీ తిప్పాను, మళ్ళీ పది, మళ్ళీ దెబ్బ. అలా ఆరేడుసార్లు అయింది. ప్రతిసారీ అక్క బదులు నేను జవాబిస్తున్నట్టు, ఆమె గొంతును దొంగిలిస్తున్నట్టు అనిపించింది. చెమటకు పైపు జారుతోంది. పానాను నాలుగు అడుగుల దూరంలో ట్యాంకు మూత మీద పెట్టి, రెండు చేతులతో పైపును కౌగిలించుకున్నట్టు పట్టుకుని తిప్పాను. అక్కడే ఆపి లెక్క మొదలుపెట్టాను. లెక్క పూర్తి కాకుండానే పైపు మోగింది. ఒకే దెబ్బ. ఛాతీకి ఆనుకుని ఉండటం వల్ల అది నాకు చెవిలో కాదు, ఎముకల్లో వినిపించింది. పానా ట్యాంకు మూత మీదే ఉంది.

"వచ్చింది" అన్నాడు బావ. "ఆగు. ఇగ బిగియ్యి. బిగిచ్చి దిగు, ఎండల ఎంతసేపుంటవ్."

బిగించి, చీర అంచు మళ్ళీ కట్టి, తిరిగి చూడకుండా దిగాను. హాల్లో వార్తలు వస్తున్నాయి. బావ అన్నం కలుపుతున్నాడు. ఆయన రెండు ముద్దలు తిన్నాక అడిగాను.

"ఇందాక ఎవరితో మాట్లాడారు బావా?"

"నీతోనే. ఇంకెవరున్నరు పైన?"

"మరి 'ఏమే' అని ఎందుకు పిలిచారు?"

"నలభై ఏండ్ల సంది గా కిటికీల నిలవడితే నోట్లెకెళ్ళి గదే వస్తది. నిన్ను తిడదామనే లేసిన. గా నట్టు చప్పుడు వినంగనే మతి తప్పింది." ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. "నీకన్నిటికీ ఆలస్యమే రా లైబ్రరీ సాబ్. పది దాంక లెక్కవెట్టి కొడుతున్నవ్. యాష్టకొచ్చి తెర బంజేద్దామని చెయ్యి చాపిన. గప్పుడే ఒక్కటి సరిగ్గ ఏడుకు కొట్టినవ్, ఆమె తీరుగ. తలకాయ దానంతట అదే తిరిగింది. చూస్తె బొమ్మ ఉన్నది."

ఆ దెబ్బ నేను కొట్టలేదని చెప్పలేదు. ఆయన పప్పు వేసుకుంటున్నాడు, మారు అన్నం కోసం గిన్నె దగ్గరికి లాక్కుంటున్నాడు. అడ్డు రావడం ఇష్టం లేకపోయింది. మర్నాడు గ్రంథాలయంలో ఉష్ణం మీద ఉన్న పుస్తకాలన్నీ బెంచీ మీద పేర్చుకున్నాను. ఎండకు కాగిన ఇనుము సాగుతుందనీ, బిగింపు వదిలినచోట టక్కున చప్పుడు చేయవచ్చనీ ఒకదానిలో దొరికింది. అది నిజమే అయి ఉంటుంది. పేజీ అంకె కూడా రాసిపెట్టుకున్నాను. బావ ఇప్పుడు వేళకు తింటాడు, కిటికీ దగ్గరికి వెళ్ళి ఎవరినీ పిలవడు. అక్క పోయి ఏళ్ళు గడిచాయి. అయినా ఆ మధ్యాహ్నం ఆమె పోయిన తరువాతిదా, ఆమె ఇంకా ఉన్నప్పటిదా అన్నది మాత్రం నేను ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను.