నోట్‌బుక్కులో దిద్దిన వేళ

ఏ ధరనైనా సగానికి దింపగల నేను, ఒకసారి నర్సు దగ్గర ఏకంగా పన్నెండు గంటలు దింపేశాను. అంతటి గడుసుదాన్ని!

తొంభైల చివర, కోవిల్‌పట్టిలో మాది మిరపకాయల అంగడి. రాయడం వచ్చని మా వీధివాళ్లు కాన్పులకు నన్నే తోడు తీసుకెళ్లేవారు. నొప్పుల వేళలు నోట్‌బుక్కులో రాసి నర్సుకు చూపించేదాన్ని.

పక్కింటి చెల్లమ్మకు సాయంత్రం ఆరింటికి ఉమ్మనీరు పోయింది. నొప్పులు రాలేదు కదా అని నేనే ఇంట్లో ఆపాను. మర్నాడు మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్లేసరికి భయమేసింది. నర్సు రాకముందే నోట్‌బుక్కులో "సాయంత్రం" కొట్టేసి "ఉదయం" అని రాశాను.

"నిన్న సాయంత్రమే గదక్కా నీళ్లు పోయింది?" అంది చెల్లమ్మ.

"నువ్వు ఊరకుండవే! నిజం చెప్తే ఇద్దరికీ తిట్లే."

"నీళ్లు పోయి ఆరు గంటలేగా, చూద్దాం" అంటూ నర్సు నా రాతను నమ్మింది.

పుట్టిన బిడ్డకు మర్నాటికి ఒళ్లు కాలిపోయింది. విరుదునగర్ పెద్దాస్పత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మకు నిజం చెప్పాను.

"నీళ్లు పోయి అంతసేపైందని ముందే తెలిస్తే, బిడ్డకు ఇన్ఫెక్షన్ సోకకుండా తల్లికి అప్పుడే మందు ఇచ్చేవాళ్లు కదమ్మా" అందామె.

నేను తప్పించుకున్నవి రెండు తిట్లు. వాటికి బదులుగా చెల్లమ్మ పదకొండు రోజులు బిడ్డను ఆస్పత్రి అద్దాల గది బయటినుంచే చూసింది. బిడ్డ బతికాడు కానీ ఒక చెవి వినపడదు. నాకు మాత్రం ఏమీ పోలేదు.